ఫైళ్ళకు వ్రేలిముద్రలు

నేరవిచారణలో పోలీసులు స్వాధీనము చేసికొనిన కంప్యూటరులో లక్షలాది ఫైళ్ళుండుట సామాన్యము. వానిలో ముద్దాయి స్వయముగా వ్రాసినవి, దాచినవి బహు స్వల్పము. తక్కినవి చాలవరకు యంత్రమును నడుపుటకు కంపెనీలవారు తయారుచేసిన సామగ్రియే. ఒక్కొక్కదానిని తెరచి చూచుటకు పరిశోధకునకు ఏండ్లు పట్టును. పేరు చూచి త్రోసివేయుదమన్నచో, పేరు మార్చుట క్షణములో పని. దాచదలచిన చిత్రమునకు విండోస్ ఫైలు పేరు తగిలించినచో ఎవరికి తెలియును?

పేరుతో నిమిత్తము లేక, లోపలి విషయమును బట్టియే ఫైలును గుర్తించు సాధనము హాష్. అక్షరములైనను, బొమ్మలైనను కంప్యూటరునకు అంకెల వరుసయే గదా. ఆ వరుసను ముక్కలుగా తీసికొని, కలిపి, త్రిప్పి, మరల కలిపి, తుదకు నిర్ణీతమైన పొడవుగల సంఖ్యను రాబట్టుదురు. షా-256 అను పద్ధతిలో ఫైలు ఒక్క వాక్యమైనను, పూర్తి చలనచిత్రమైనను ఫలితము 256 బిట్లే. ఫైలులో ఒక్క బిట్టు మారినచో ఫలితములో ఇంచుమించు సగము బిట్లు మారిపోవును. పేరు మారినచో ఏమియు మారదు.

అమెరికాలోని జాతీయ ప్రమాణముల సంస్థ ఇందుకొక గ్రంథాలయమునే నడుపుచున్నది. సాఫ్ట్‌వేరును సేకరించి, అసలు ప్రతులను భద్రపరచి, అందలి ప్రతి ఫైలునకు హాష్ లెక్కగట్టి జాబితాగా ప్రకటించును. జాబితాతో సరిపోయినవానిని పరిశోధకుడు ప్రక్కకు పెట్టును. మారుపేరు పెట్టుకొన్న చిత్రము సరిపోదు గనుక చూడవలసినవానిలో నిలిచిపోవును. ఐతే జాబితాలోనివి తెలిసినవని మాత్రమే అర్థము, మంచివని కాదు. ఇతరుల యంత్రములలో చొరబడుటకు పనికివచ్చు సాధనములును అందులో గలవు.

అంతకన్న పెద్ద చిక్కు మరియొకటి. ఫైళ్ళకు అంతు లేదు, హాష్‌లు పరిమితములు. కనుక ఎచ్చటనో రెండు ఫైళ్ళకు ఒకే హాష్ రాక తప్పదు. అట్టి జంటను కనుగొనుట అసాధ్యప్రాయమగుటయే పద్ధతికి బలము. 2004లో చైనా గణితజ్ఞురాలు వాంగ్ షియావ్‌యున్, ఆమె సహచరులు ఎండీ5 పద్ధతిలో అట్టి జంటలను చూపిరి. 2012లో బయటపడిన ఫ్లేమ్ అను దుష్ట సాఫ్ట్‌వేరు ఈ లోపమును పట్టుకొనియే మైక్రోసాఫ్ట్ ధ్రువపత్రమును సృష్టించుకొన్నది. 2017లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని గణిత సంస్థవారు, గూగుల్‌వారు కలసి షా-1నకు అదే గతి పట్టించిరి. కాని ఇవన్నియు జంటలోని రెండు ఫైళ్ళను ఒక్కరే తయారుచేసిన సందర్భములు. ఇతరులు ఎప్పుడో చేసిన ఫైలునకు సరిపడు మరియొకదానిని కల్పించుట వేరు పని, మిక్కిలి కష్టము. అందుచేతనే పాత జాబితాలు ఒక్కనాటిలో నిరర్థకములు కాలేదు.

భారతదేశమున 2024 జులై 1న అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము ప్రకారము, ఎలక్ట్రానిక్ సాక్ష్యముతో జతపరచు ధ్రువపత్రములో హాష్ విలువను, దానిని కట్టిన పద్ధతిని వ్రాయవలెను. ఆ పత్రములో షా-256తో పాటు షా-1, ఎండీ5లకును గడులున్నవి.