చిగుళ్ళ వ్యాధిలో నూతన అవాయు బ్యాక్టీరియాల గుర్తింపు: టానెరెల్లా ఉదాహరణ

పెరియోడాంటైటిస్ అనే చిగుళ్ళ వ్యాధిలో పంటికీ చిగురుకూ మధ్య లోతైన సందు ఏర్పడుతుంది. అక్కడ ఆక్సిజన్ అత్యల్పం. ఆ సందులోని గారను సూక్ష్మదర్శిని కింద పరిశీలిస్తే కనిపించే బ్యాక్టీరియాలలో అనేకం పోషక యానకంపై పెరగవు. నూతన జాతుల గుర్తింపులోని చిక్కంతా ఈ వ్యత్యాసంలోనే ఉంది.

బోస్టన్‌లోని ఫోర్సైత్ దంత పరిశోధనా కేంద్రంలో 1970ల మధ్యకాలంలో వేరుచేసిన కదురు ఆకారపు అవాయు బ్యాక్టీరియాను ఆన్ టానర్ బృందం 1986లో బాక్టీరాయిడిస్ ఫోర్సైథస్ అనే నూతన జాతిగా వర్ణించింది. దీని కాలనీలు అతి సూక్ష్మంగా, ఎంతో ఆలస్యంగా ఏర్పడేవి. ఫ్యూసోబాక్టీరియం న్యూక్లియేటమ్ పక్కన ఉంటే మాత్రం చక్కగా పెరిగేవి. కణకవచ నిర్మాణానికి అవసరమైన ఎన్-అసిటైల్‌మురామిక్ ఆమ్లాన్ని ఈ జీవి బయటి నుండే పొందవలసి ఉంటుందని 1989లో తేలడంతో ఆ పొరుగు సాయానికి వివరణ లభించింది. అంతవరకు ‘పెరగనిది’గా తోచినది నిజానికి ఆహారం అందనిది.

సోక్రాన్‌స్కీ బృందం 1998లో తీవ్ర వ్యాధితో ముడిపడిన ‘ఎర్ర సముదాయం’లో పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్, ట్రెపోనీమా డెంటికోలాలతో పాటు దీనినీ చేర్చింది. తరువాత ఇది టానెరెల్లా ఫోర్సీథియా అయింది.

వర్ధనానికి లొంగని జీవులను 16ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ జన్యుక్రమం పట్టి ఇస్తుంది. సుమారు 1,500 క్షారాల ఈ జన్యువులో తెలిసిన జాతులతో సారూప్యం దాదాపు 98.7 శాతం కన్న తగ్గితే నూతన జాతి అయి ఉండవచ్చునని భావిస్తారు. బీయూ063 అనే టానెరెల్లా రకం మొదట ఇలా జన్యుక్రమంగానే తెలిసింది. అయితే 2002 నాటి అధ్యయనంలో ఫోర్సీథియా వ్యాధిగ్రస్తులతోను, బీయూ063 ఆరోగ్యవంతులతోను ముడిపడి కనిపించాయి. ప్రజాతి స్థాయిలోనే లెక్కించి ఆగిపోయే విశ్లేషణ ఈ రెండింటినీ ఒకే గాటన కట్టివేస్తుంది. అది చిన్న పొరపాటు కాదు.

సంబంధం కనిపించినంత మాత్రాన కారణం నిరూపితం కాదు. లోతైన సందు, అక్కడ ఊరే ప్రోటీన్ల ద్రవం అవాయు జీవులకు అనుకూలం కనుక, వ్యాధే వాటిని పెంచి ఉండవచ్చు. దీనిని తేల్చే ప్రయోగాలకు సజీవమైన శుద్ధ వర్ధనం ఎంతో అవసరం. బీయూ063ను సహాయక బ్యాక్టీరియా తోడుతో పెంచగలిగినట్లు 2016లో వెల్లడైంది. టానెరెల్లా సర్పెంటిఫార్మిస్ అనే పేరు 2020లో గాని దానికి దక్కలేదు.