బీద మస్తాన్‌రావు

బీద మస్తాన్‌రావు ఆంధ్రప్రదేశ్‌కు చెందిన పారిశ్రామికవేత్త, రాజకీయ నాయకుడు. నెల్లూరు జిల్లా అల్లూరు మండలంలోని ఇస్కపల్లి ఈయన స్వగ్రామం. రొయ్యల పరిశ్రమలో పేరొందిన బి.ఎం.ఆర్. సంస్థల అధినేత. ఒకసారి శాసనసభకు, రెండుసార్లు రాజ్యసభకు ఎన్నికయ్యారు. వెనుకబడిన తరగతులకు చెందిన ఈయన సోదరుడు బీద రవిచంద్ర కూడా తెలుగుదేశం పార్టీ నాయకుడు.

వ్యాపారం

రొయ్య పిల్లల ఉత్పత్తి, మేత తయారీ, శుద్ధి, ఎగుమతి - ఈ దశలన్నిటిలోను బి.ఎం.ఆర్. సంస్థలు పనిచేస్తున్నాయి. హేచరీలో తల్లి రొయ్యల నుండి పిల్లలను పుట్టిస్తారు. రైతు వాటిని చెరువులో వదలి కొన్ని నెలలు పెంచుతాడు. పట్టిన రొయ్యలను మంచులో ఉంచి కర్మాగారానికి చేరుస్తారు. అక్కడ తలలు తీసి, పొట్టు ఒలిచి, పరిమాణాన్ని బట్టి వేరుచేసి, గడ్డకట్టించి నిల్వచేస్తారు. ఈ పనిలో మహిళలే ఎక్కువ. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ సంఖ్యను 'కౌంటు' అంటారు. కౌంటు తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ.

నెల్లూరు తీరంలోనే కాక కృష్ణా డెల్టా దిగువన మచిలీపట్నం, కృత్తివెన్ను, నాగాయలంక, కోడూరు ప్రాంతాలలో కూడా రొయ్యల చెరువులు విస్తరించాయి. గుడివాడ, నందివాడ వైపు మంచినీటి చేపల పెంపకం ఎక్కువ. 1990వ దశకం మధ్యలో తెల్లమచ్చల వ్యాధి తీరప్రాంత రైతులను తీవ్రంగా దెబ్బతీసింది. తీరప్రాంత చెరువులపై 1996లో సుప్రీంకోర్టు ఆంక్షలు విధించింది. 2009లో వనామి రకానికి అనుమతి లభించిన తరువాత సాగు తిరిగి పుంజుకుంది.

రాజకీయ జీవితం

మస్తాన్‌రావు 2009లో తెలుగుదేశం అభ్యర్థిగా కావలి నుండి శాసనసభకు ఎన్నికయ్యారు. 2014లో అదే స్థానంలో రామిరెడ్డి ప్రతాప్ కుమార్ రెడ్డి చేతిలో ఓడిపోయారు. 2019లో నెల్లూరు లోక్‌సభ స్థానానికి పోటీచేసి ఆదాల ప్రభాకర రెడ్డి చేతిలో పరాజయం పొందారు. అదే ఏడాది డిసెంబరులో వై.ఎస్.ఆర్. కాంగ్రెస్‌లో చేరి, ఆ పార్టీ తరఫున 2022లో రాజ్యసభకు ఎన్నికయ్యారు.

2024 ఆగస్టులో మోపిదేవి వెంకటరమణతో పాటు రాజ్యసభ సభ్యత్వానికి, పార్టీకి రాజీనామా చేశారు. రాజ్యాంగం పదవ షెడ్యూలు ప్రకారం పార్టీని స్వచ్ఛందంగా వదలిన సభ్యుడు అనర్హుడవుతాడు. అందువల్ల పార్టీ మారదలచినవారు ముందుగా సభ్యత్వాన్ని వదులుకొని, మళ్ళీ ఎన్నిక కావడం ఒక మార్గం. రాజ్యసభ సభ్యులను రాష్ట్ర శాసనసభ్యులు ఎన్నుకుంటారు. 2024 ఎన్నికలలో 175 స్థానాలకు గాను 164 స్థానాలు తెలుగుదేశం కూటమికి దక్కినందున, ఆ ఏడాది డిసెంబరు ఉప ఎన్నికలో మస్తాన్‌రావు తెలుగుదేశం తరఫున ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు.

పరిశ్రమ, పార్లమెంటు

రొయ్యల రైతు బతుకు ఢిల్లీ నిర్ణయాలతో ముడిపడి ఉంది. తీరప్రాంత సాగును నియంత్రించే చట్టం 2005లో వచ్చింది. మస్తాన్‌రావు సభ్యుడిగా ఉన్న కాలంలో, 2023లో, దానిని సవరించి హేచరీల వంటి అనుబంధ కార్యకలాపాలను స్పష్టంగా చట్ట పరిధిలోకి తెచ్చారు. భారతీయ రొయ్యలకు అతి పెద్ద కొనుగోలుదారైన అమెరికా 2025 ఆగస్టులో అనేక భారతీయ వస్తువులపై అదనపు సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు రొయ్యల ఎగుమతులపైనా ఆ భారం పడింది. ఎగుమతిదారు తన భారాన్ని కొనుగోలు ధరలో తగ్గించుకోవచ్చు. చెరువు గట్టున ఉన్న రైతుకు ఆ వెసులుబాటు లేదు. పట్టుబడికి వచ్చిన రొయ్యను ఎక్కువ రోజులు ఆపితే మేత ఖర్చు, వ్యాధి భయం రెండూ పెరుగుతాయి. పరిశ్రమను లోపలి నుండి ఎరిగినవారు చట్టసభలో ఉండటం వల్ల సమస్యలు త్వరగా ప్రస్తావనకు వచ్చే వీలుంది. అయితే రైతు ప్రయోజనము, ఎగుమతిదారు ప్రయోజనము ప్రతిసారీ ఒకటి కావు.