దుబాయి గ్రాట్యుయిటీ లెక్క

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు ప్రాంతములనుండి దుబాయి, షార్జా, అబుధాబి నగరములకు పొట్టచేత పట్టుకొని పోయి, యెండలో ఇనుపకడ్డీలు మోసియు, ఆకాశహర్మ్యములకు రంగులు వేసియు యేండ్లకేండ్లు గడపిన మన శ్రామికుడు తుదకు ఇంటిదారి పట్టునప్పుడు, కంపెనీవా రతనికిచ్చు సెటిల్‌మెంటు కాగితములో మిక్కిలి ముఖ్యమైన పద్దు గ్రాట్యుయిటీ. అది యజమాని యౌదార్యమున నిచ్చు బహుమానము గాదు. శాసనము విధించిన ఋణము.

1980 నాటి కార్మికశాసనమునకు మారుగా సంయుక్త అరబ్బు ఎమిరేట్ల ప్రభుత్వము 2021లో గావించిన నూతన శాసనము 2022 ఫిబ్రవరి 2వ తేదినుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము ఒక సంవత్సరమైనను పూర్తిగా పనిచేసిన విదేశీయ శ్రామికునకు తొలి 5 ఏండ్లకు ఏటికి 21 దినముల వేతనమును, ఆపై ప్రతి యేటికి 30 దినముల వేతనమును చెల్లవలెను. మిగిలిన నెలలకు ఆ దామాషాలోనే వచ్చును. మొత్తము మాత్రము 2 సంవత్సరముల వేతనమును మించరాదు.

ఇంతవరకు సులభమే. చిక్కంతయు ‘వేతన’మన నేదియో తెలిసికొనుటలో నున్నది. నెలకు 2,000 దిర్హములు పుచ్చుకొను వాని కాంట్రాక్టులో బేసిక్ 1,200 అనియు, తక్కినది గది, భోజనము, రాకపోకల అలవెన్సులనియు వ్రాసియుండవచ్చును. గ్రాట్యుయిటీ లెక్కకు వచ్చునది ఆ బేసిక్ మాత్రమే, అదియు చిట్టచివర తీసికొన్నది. ఏడున్నర యేండ్లు పనిచేసినవాని విషయము చూడుడు: 1,200ను 30చే భాగింపగా దినమునకు 40, తొలి 5 ఏండ్లకు 105 దినములు, అనగా 4,200, తరువాతి రెండున్నర యేండ్లకు 75 దినములు, అనగా 3,000, వెరసి 7,200 దిర్హములు. మొత్తము జీతముపై లెక్కగట్టుకొని 12,000 వచ్చునని ఇంటికి ఫోనుచేసి చెప్పినవానికి ఆ 4,800 ఎవరో అపహరించినట్లే తోచును. జీతములో బేసిక్ భాగమును కుదించి వ్రాయు కంపెనీల యుక్తి నేను మెచ్చను గాని, సంతకమైన పిదప దానికి మందు లేదు.

చెల్లెలి పెండ్లికని వచ్చి, జీతము లేని సెలవుపై ఊర నిలిచిన దినములు సేవాకాలమునుండి తీసివేయబడును. రాజీనామా యిచ్చినచో గ్రాట్యుయిటీలో కోతపడు ననుమాట పాతశాసనమునాటిది, నేడది చెల్లదు. ఇండ్లలో పనిచేయువారికి మాత్రము వేరు శాసనము గలదు గావున ఈ లెక్క వారికి వర్తింపదు.

కాంట్రాక్టు ముగిసిన 14 దినములలో బకాయిలన్నియు చెల్లింపవలెను. కావున విమానమెక్కబోవు సోదరులారా, కాంట్రాక్టులో జీతపుమొత్తమును చూచి తృప్తిపడక, బేసిక్ ఎంతయో అడిగి తెలిసికొని, ఆ ప్రతి నొకదానిని ఇంటియొద్ద భద్రపరచి పొండు.