అజహర్ మణికట్టు

ఆఫ్‌స్టంప్ అవతల పడ్డ బంతిని మిడ్‌వికెట్ వైపు తిప్పకూడదని కోచ్‌లు చెబుతారు. హైదరాబాదీ మహమ్మద్ అజహరుద్దీన్‌కి అదే రోజువారీ పని. ఆ షాట్‌కు ప్రాణం కండబలం కాదు, మణికట్టు.

1984-85లో ఇంగ్లండ్‌పై ఆడిన తొలి మూడు టెస్టుల్లోనూ సెంచరీలు కొట్టాడు. అంతకుముందు ఎవరూ చేయనిది! 1990లో లార్డ్స్‌లో కెప్టెన్‌గా 121 చేశాడు. సొగసులో దానికి సాటివచ్చే ఇన్నింగ్స్ అరుదు. 1996లో కలకత్తాలో దక్షిణాఫ్రికాపై మాత్రం సొగసుకు కసి తోడైంది. క్లూసెనర్ ఓవర్లో వరసగా ఐదు ఫోర్లు, 74 బంతుల్లో సెంచరీ.

2000 మార్చిలో బెంగళూరులో ఆడిన 99వ టెస్టులోనూ 102 కొట్టాడు. అదే ఆఖరిది.

ఆ ఏడాదే మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణలపై బీసీసీఐ జీవితకాల నిషేధం విధించింది. అది చెల్లదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2012లో తీర్పిచ్చేసరికి అతడికి 49 ఏళ్లు.