తీరప్రాంత డీజిల్ ఇంజన్లకు ఇంధన సంకలితాలు: ఏది రక్షణ, ఏది భ్రమ?

నెల్లూరు తీరంలోని ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు, అల్లూరు మండలాలలో రొయ్యల చెరువు గట్టున డీజిల్ జనరేటరు కనబడటం సర్వసాధారణం. ఏడాదిలో అధికభాగం అది ఊరకే ఉంటుంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో గాలివానకు విద్యుత్తు ఆగిన రాత్రి మాత్రం పంట మొత్తం దానిమీదనే ఆధారపడుతుంది. తెల్లవారుజామున నీటిలో కరిగిన ప్రాణవాయువు కనిష్ఠస్థాయికి చేరుతుంది. ఆ సమయంలో ఏరేటర్లు ఆగితే, ఒత్తుగా పెంచిన వనామి రొయ్యలు కొద్ది గంటలలోనే చనిపోవచ్చు. అటువంటి రాత్రి ఇంజను అందుకోనప్పుడు బ్యాటరీతో పాటు అనుమానించవలసినది ఇంధన వ్యవస్థను. సంకలితాల సీసాలు అమ్ముడయ్యేది కూడా ఈ భయం మీదనే.

ఇంజెక్షన్ పంపులో ప్లంజరుకు, బ్యారెలుకు మధ్య ఉండే ఎడం కొద్ది మైక్రాన్లే. మనిషి వెంట్రుక మందమే సుమారు 70 మైక్రాన్లు. రోటరీ పంపులలోను, కామన్ రైల్ పంపులలో చాలావాటిలోను కందెనగా పనిచేసేది డీజిలే. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా అమలైన భారత్ స్టేజ్-6 ప్రమాణం ప్రకారం డీజిల్‌లో గంధకం 10 పి.పి.ఎం. మించరాదు. గంధకాన్ని తొలగించే హైడ్రోజన్ ప్రక్రియలో, డీజిల్‌కు సహజమైన కందెన గుణాన్నిచ్చే సమ్మేళనాలు కూడా నశిస్తాయి. 1990ల ఆరంభంలో స్వీడన్ ఈ మార్పు చేసినప్పుడు పంపులు అకాలంగా అరిగిపోయాయి. నాటి నుండి కందెన సంకలితాన్ని ఇంధన సరఫరాదారులే కలుపుతున్నారు. ప్రామాణిక పరీక్షలో అరుగుదల మచ్చ 460 మైక్రాన్లు దాటరాదన్నది నియమం. కనుక నమ్మకమైన బంకులో కొన్న డీజిల్‌కు మరొక కందెన సీసా అవసరం లేదు. కిరోసిన్ కలిసిన డీజిల్ సంగతి వేరు; దానికి మందు సంకలితం కాదు, బంకు మార్చడమే.

తీరంలో అసలు శత్రువు నీరు. సగం ఖాళీగా ఉన్న ట్యాంకు పగటి వేడికి, రాత్రి చల్లదనానికి గాలిని వదులుతూ, పీల్చుకుంటూ ఉంటుంది. ఆ గాలిలోని తేమ గోడలపై ఘనీభవించి అడుగుకు చేరుతుంది. బయోడీజిల్ కలిసిన ఇంధనం తేమను మరింతగా గ్రహిస్తుంది. నీటికీ డీజిల్‌కూ మధ్య పొరలో శిలీంధ్రాలు, బాక్టీరియా పెరిగి, నల్లని జిగురుగా ఫిల్టరును మూసివేస్తాయి. జీవనాశక సంకలితం వీటిని చంపుతుంది కాని తొలగించదు. ట్యాంకు కడగకుండా వాడితే చచ్చిన మడ్డి అంతా ఫిల్టరుకే చేరుతుంది.

ఉప్పునీటి జాడలతో చేరే సోడియం మరొక చిక్కు. అది ఇంధనంలోని కొన్ని ఆమ్ల సమ్మేళనాలతో కలిసి సబ్బువంటి పదార్థమై, ఇంజెక్టరు లోపలి కదిలే భాగాలపై పేరుకుంటుంది. సూది బిగుసుకుని ఇంజను కష్టంగా అందుకుంటుంది, కుదుపుతో నడుస్తుంది. పాలీఐసోబ్యుటిలీన్ సక్సినిమైడ్ తరగతికి చెందిన డిటర్జెంట్లు ఇంజెక్టరు నిక్షేపాలను అదుపు చేయగలవు. సంకలితాలలో నిజంగా పరిశీలించదగినవి ఇవే. నీటి విషయంలో మాత్రం లేబులు జాగ్రత్తగా చదవాలి. నీటిని వేరుచేసి అడుగుకు దించే రకం మేలు. నీటిని డీజిల్‌లో కలిపివేసే రకం ఆ నీటిని సెపరేటరు దాటించి ఇంజెక్టరు దాకా మోసుకుపోతుంది. ఇక చలిదేశాలలో డీజిల్ గడ్డకట్టకుండా వాడే సంకలితానికి నెల్లూరు ఎండలో పనేమిటో అమ్మేవారే చెప్పాలి!

డీజిల్‌లో కొంత ఇంజనాయిలు కలిపే పాత అలవాటును విస్తరణ సిబ్బంది గట్టిగా నిరుత్సాహపరచాలి. ఆయిలులోని జింకు, కాల్షియం సమ్మేళనాలు బూడిదగా మిగులుతాయి. 50 హెచ్.పి.కి మించిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుండి, జనరేటర్లకు 2023 జూలై నుండి కఠిన ఉద్గార నియమాలు వచ్చాక, కామన్ రైల్ ఇంజన్లు పొలాలకూ చెరువు గట్లకూ చేరుతున్నాయి. పాత ఇన్‌లైన్ పంపు సహించిన మురికిని ఇవి సహించవు.

ట్యాంకును నింపి ఉంచడం, సెపరేటరులోని నీటిని తరచుగా వదలడం, డ్రమ్ము అడుగున రెండు అంగుళాల డీజిల్‌ను తోడకుండా విడిచిపెట్టడం, వారానికొకసారి ఏరేటర్ల లోడుతో జనరేటరును నడపడం ఖర్చులేని పనులు. తుపాను కాలానికి ముందు ట్యాంకు అడుగు నుండి గాజుసీసాలో డీజిల్ తీసి, ఒక రాత్రి కదపకుండా ఉంచి, రైతు ఎదుటనే చూపించాలి. అడుగున నీటిపొర గాని, మధ్యలో నల్లని తెట్టు గాని కనిపిస్తే ముందుగా ట్యాంకు కడిగి, ఫిల్టరు మార్చాలి. ఆ తరువాత కూడా ఇంజను కుదుపు తగ్గకపోతే, ఇంజను తయారీదారు అనుమతించిన డిటర్జెంటును, సూచించిన మోతాదులోనే ప్రయత్నించవచ్చు.