ఎవరూ కట్టని చీరలు

పెట్టుబడి చీర గురించి మన ఆడవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పెళ్లికో గృహప్రవేశానికో వచ్చిన ముత్తయిదువలకు పెట్టడానికి టోకున తెచ్చే చీర అది. విజయవాడ వస్త్రలతకు వెళితే కట్టలకొద్దీ దొరుకుతుంది. చాలావరకు సూరత్ నుంచి వచ్చే పాలియెస్టర్ సరుకు. పుచ్చుకున్నావిడ దాన్ని కట్టదు. బీరువా కింది అరలో పెట్టి, తనింట్లో శుభకార్యం వచ్చినప్పుడు ఇంకొకావిడకు పెడుతుంది. ఆవిడా అంతే చేస్తుంది. నేను తెనాలిలో జాకెట్లు కుట్టి బతుకుతున్నాను. చీర మడత విప్పగానే అది ఎన్నాళ్లు అలా చేతులు మారిందో నాకు తెలిసిపోతుంది. మడత ఉన్నచోట గీత పడి రంగు పాలిపోయి ఉంటుంది. జాకెట్టు ముక్కల సంగతి మరీ అన్యాయం. పేరంటంలో తాంబూలంతో పాటు చేతిలో పెట్టే ఆ జారుడు ముక్కతో జాకెట్టు కుడితే, లోపల ఎంత మంచి లైనింగు వేసినా మే నెలలో ఒంటిమీద నిలవదు.

ఇచ్చేవాళ్లకు ఈ సంగతి తెలుసు, పుచ్చుకునేవాళ్లకు తెలుసు, అమ్మేవాళ్లకూ తెలుసు. అయినా నేస్తూనే ఉన్నారు, కొంటూనే ఉన్నాం.

నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లలకు ముందుగా దారం కాల్చి చూపిస్తాను. నూలు దారం కాగితం కాలిన వాసన వేసి బూడిదైపోతుంది. పాలియెస్టర్ ముడుచుకుని, కరిగి, చివర నల్లటి గట్టి పూస కడుతుంది. గోటితో నలిపినా నలగదు. మంచినీళ్ల సీసా చేసే ప్లాస్టిక్కే అది. పెట్ అంటారు, పెట్రోలియం నుంచి తీస్తారు. ప్రపంచంలో ఈ రోజు బట్టకు వాడే నారలో సగానికి పైగా ఇదే. ఉతికినప్పుడల్లా కంటికి ఆననంత సన్నటి పోగులు ఊడి నీళ్లలో కలుస్తాయి. అలా ఏటా 5 లక్షల టన్నుల పోగులు సముద్రాలకు చేరుతున్నాయని ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ 2017లో లెక్కకట్టింది. 2022లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు 22 మంది రక్తం పరీక్షిస్తే 17 మందిలో ప్లాస్టిక్ రేణువులు కనిపించాయి. వాటిలో అన్నిటికన్నా ఎక్కువమందిలో ఉన్నది ఈ పెట్ ప్లాస్టిక్కే.

నూలు కొంటే ఏ పాపమూ అంటదని చెప్పను. ఒక్క కాటన్ టీషర్టు వెనక 2,700 లీటర్ల దాకా నీళ్లు ఖర్చవుతాయని వరల్డ్ వైల్డ్‌లైఫ్ ఫండ్ చెబుతుంది. పత్తికి కొట్టే మందులేమిటో, వాటి కోసం చేసే అప్పులేమిటో గుంటూరు జిల్లా వాళ్లకు నేను చెప్పాలా? కానీ నూలు చీరకు చిరిగాక కూడా బతుకుంది. మా అమ్మమ్మ చీరలు పాతబడ్డాక పసిపిల్లలకు పొత్తిగుడ్డలయ్యేవి, ఉయ్యాలయ్యేవి. నాలుగైదు పొరలు వేసి కుడితే బొంతయ్యేది. ఆ బొంత కూడా పీలికలయ్యాక పొయ్యి దగ్గర మసిగుడ్డయ్యేది. మెకానిక్ షెడ్డువాళ్లు ఇప్పటికీ నూలు గుడ్డలే అడుగుతారు, నూనె పీల్చేది అదే కాబట్టి. పాలియెస్టర్ చీరతో ఇవేవీ కావు. పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చే ఆవిడ కూడా దాన్ని పక్కకు నెట్టేస్తుంది. చివరికి కాలవ గట్టు మీద చెత్తలో తేలుతుంది, లేదా మంటల్లో కరుగుతుంది.

నేను చెప్పిన ఆ 2017 నివేదికలోనే ఇంకో సంగతి ఉంది. పదిహేనేళ్లలో ప్రపంచంలో బట్టల తయారీ దాదాపు రెట్టింపయింది. ఒక బట్టను మూలన పడేసేలోపు తొడుక్కునే సార్లు మాత్రం 36 శాతం తగ్గాయి. వాడేసిన బట్టలో మళ్లీ బట్టగా మారేది నూటికి ఒక వంతు కూడా లేదు.

తొడుక్కునే సార్లు ఎలా తగ్గుతున్నాయో నా మిషను ముందు కూర్చుంటే కనపడుతుంది. మొన్న ఒకమ్మాయి వచ్చింది. మంచి చీర, ఒక్క పెళ్లికి కట్టింది. దానికి మగ్గం వర్క్ జాకెట్టు, చీర ఖరీదు కన్నా ఆ కూలే ఎక్కువ. మళ్లీ ఇంకో చీర తెచ్చింది. అదే కట్టుకోవచ్చుగా అమ్మా అన్నాను. "అందరూ చూసేశారక్కా, స్టేటస్‌లో కూడా పెట్టా" అంది. ఆ పిల్లది తప్పని నేననను. మా రోజుల్లో చీరను చూసేది ఆ పెళ్లికి వచ్చినవాళ్లే, నెల తిరిగేసరికి మరిచిపోయేవాళ్లు. ఇప్పుడు ఫోన్లో ఆ బొమ్మ అలాగే ఉండిపోతుంది. కట్టుకోవడానికి కొత్తది లేదని మేనకోడలి పెళ్లికి వెళ్లడం మానేసినావిడ నాకు తెలుసు. ఆవిడ బీరువా తలుపు గట్టిగా నొక్కితే గాని పడదు. ఈ కొనుగోళ్లలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. అన్ని చీరలున్న మనిషికి లేమి ఎక్కడి నుంచి వచ్చింది?

ఉన్నది చాలదనిపించే ఈ లేమి మీద ఫ్రాన్సు రచయిత దెనీ దిదెరో 1769లోనే ఒక వ్యాసం రాశాడు. ఆయనకు ఒక కొత్త గౌను, ఇంట్లో తొడుక్కునేది, వచ్చింది. దాని పక్కన పాత కుర్చీ వెలవెలబోయింది, మార్చాడు. తర్వాత బల్ల, తర్వాత గోడమీది పటాలు. పాత గౌనులో హాయిగా ఉన్నవాడు కొత్తదానికి బానిసయ్యానని వాపోయాడు. 1988లో గ్రాంట్ మెక్‌క్రాకెన్ అనే మానవశాస్త్రవేత్త ఈ గొలుసుకు దిదెరో పేరే పెట్టాడు. మన భాషలో దాన్ని మ్యాచింగ్ అంటాం. చీర వస్తే లంగా, జాకెట్టు, గాజులు, పూసల గొలుసు, చెప్పులు, చేతి సంచి. చీర మీద తగ్గింపులో మిగిలిన డబ్బుకు మించి మ్యాచింగ్ సెంటర్లో ఖర్చయిపోతుంది. కార్డు మీద కొన్నవాళ్లు చీర నలిగిపోయాక కూడా వాయిదాలు కడుతుంటారు.

ఆ తగ్గింపుల సంగతీ చెప్పాలి. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు. నా చిన్నతనంలో ఆ నెలంతా బట్టల కొట్లు ఖాళీగా ఉండేవి. ఆ ఖాళీని నింపడానికి పుట్టినవే ఆషాఢం ఆఫర్లు. ఇప్పుడు మాకు ఊపిరాడని నెల అదే. ఫోన్లో అయితే ఏడాది పొడుగునా ఆషాఢమే. "రెండే మిగిలాయి, పది నిమిషాల్లో ఆఫర్ అయిపోతుంది" అని గడియారం వెనక్కి తిరుగుతుంటుంది. నిజంగా సరుకు అయిపోతుంటే సరే, ఉత్తుత్తి తొందర పెట్టడం మాత్రం చట్టవిరుద్ధం. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న ఇలాంటి 13 మాయలను పేర్లతో సహా నిషేధించింది. మీరు అడగని వస్తువును బుట్టలో చేర్చడం, వద్దంటే మిమ్మల్ని సిగ్గుపడేలా చేసే మాటలు రాయడం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అలాంటివి కనపడితే 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు.

చవక ఎలా వస్తుందో అనుకున్నప్పుడల్లా నాకు ఢాకా పక్కన సావర్‌లోని రానా ప్లాజా గుర్తొస్తుంది. 2013 ఏప్రిల్ 23న ఆ భవనం గోడలు బీటలు వారాయి. కింది అంతస్తుల్లో ఉన్న బ్యాంకు, దుకాణాలు మూసేశారు. పై అంతస్తుల్లో విదేశీ కంపెనీలకు బట్టలు కుట్టేవాళ్లను మాత్రం మర్నాడు పనిలోకి రమ్మన్నారు. 24వ తేదీ పొద్దున భవనం కూలింది. 1,134 మంది చచ్చిపోయారు. అందులో ఎక్కువమంది ఆడవాళ్లు. కుట్టుమిషను మీద ఆడే చేతుల్నీ, తొక్కే కాళ్లనీ నేనెరుగుదును. ఒక గుడ్డ పావలా చవకగా రావడం కోసం అంతమందిని ఆ గోడల మధ్యకు పంపారంటే నాకిప్పటికీ మనసు ఒప్పదు.

శ్రావణంలో పేరంటానికి పిలిచే అక్కచెల్లెళ్లను ఒకటి కోరుతున్నాను. పెట్టుబడి చీరలు, జారుడు ముక్కలు కొనడం ఆపేయండి. పసుపు, కుంకుమ, పండు ఇస్తే పేరంటానికి లోటు రాదు. తప్పక గుడ్డే పెట్టాలనుకుంటే, పదిమందికి పెట్టే డబ్బుతో దగ్గరివాళ్లు ఇద్దరికి మంగళగిరి నేత ముక్కలు పెట్టండి, కుట్టించుకుని తొడుక్కుంటారు. పుచ్చుకునేవాళ్లు "తాంబూలం చాలు వదినా" అనడం నేర్చుకోండి. అందులో అశుభం ఏమీ లేదు. జాకెట్టు కుట్టించేటప్పుడు పక్కల్లో ఒకటిన్నర అంగుళాల గుడ్డ వదలమని అడగండి, ఒళ్లొచ్చినా విప్పుకోవచ్చు. బీరువాలో ఉన్న మంచి చీరల జాకెట్లు బిగువైతే కొత్త చీర కొనకండి, మీ ఊళ్లో కుట్టే మనిషి దగ్గరకు పట్టుకెళ్లండి. సరిచేసే పనిలో కూడా మాకు కూలి గిట్టుతుంది.