వ్యాయామమునకు ముందు గురి



మా ఆలూరు ప్రాంతపు నల్లరేగడిలో సేద్యమెరిగిన రైతు, చినుకు పడినంతమాత్రమున గొర్రు కట్టుకొని పొలమునకు పోడు. మొదట నేల పదును చూచును. ఈ యేడు జొన్న వేయవలెనా, పత్తి వేయవలెనా యని ఇంటిలో ఆలోచించును. విత్తనమెంత కలదో, ఎద్దుల సత్తువ యెంత కలదో లెక్క చూచుకొనును. ఇంతటి ముందుచూపు గల మనమే, దేహమునకు వ్యాయామము ప్రారంభించునపుడు మాత్రము పదును చూడకయే విత్తుచున్నాము. ఈ సంగతినిగూర్చి నా యనుభవముతో కూడ నాలుగు మాటలు మనవి చేసెదను.

నాకు ఏబదియెనిమిదవ యేట జరిగిన ముచ్చట యిది. చిన్నతనమున నేను మా ఊరి గరిడీలో దండీలు, బస్కీలు తీసినవాడను. జాతరలో గుండెత్తి నలుగురిచేత మెప్పు పొందినవాడను. తరువాత ముప్పదియేండ్లు కూర్చుండి వ్రాయు ఉద్యోగములో గడచిపోయినవి. ఉద్యోగము చాలించుకొని ఊరు చేరిన కొలది దినములకే ఉగాది వచ్చెను. కుర్రవాండ్రు గుండెత్తుచుండగా చూచి ఓర్వలేక, నేనును పంచె బిగించి దిగితిని. గుండు మోకాలిదాక లేచినది. నేను మాత్రము మూడు నెలలు మంచము మీదినుండి లేవలేదు. పెరటిలోనికి పోవుటకుగూడ నా కుమారుడు చేయి పట్టవలసి వచ్చెను. ఇరువదియేండ్లవాని గురిని ముసలిదేహమునకు పెట్టితినని అప్పుడు తెలిసికొంటిని.

నన్ను చూచిన వైద్యుడు కొంత నెమ్మదించిన పిమ్మట ఒక ప్రశ్న వేసెను. "అయ్యా, తమరు మరల ఏ పని చేయగలుగవలెనని కోరుచున్నారు?" బలము రావలెనని చెప్పబోయితిని. కాని నోట వచ్చినది వేఱు. "నా మనుమరాలి సరసన నేలమీద కూర్చుండి భోజనము చేసి, ఎవరి చేయియు పట్టక లేవవలెను. దేవరగట్టెక్కి మాళమల్లేశ్వరస్వామిని దర్శింపవలెను" అంటిని. "అదియే మీ గురి. ఇక వ్యాయామము మొదలుపెట్టవచ్చును" అని ఆయన పలికెను.

నాటినుండి నేను నాలుగు ప్రశ్నలను పట్టుకొంటిని: ఎందులకు? ఇప్పుడెంత? ఎంత, ఎప్పటికి? లెక్క యెట్లు?

ఎందులకు అను ప్రశ్నకు జవాబు మన బ్రతుకులోనుండి రావలెను గాని, పరులయొద్ద అరువు తేరాదు. వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తినాయుడుగారు ఉక్కుగొలుసులు తెంపి, ఏనుగును ఱొమ్ముమీద నిలిపి ప్రసిద్ధి కెక్కిరి. ఆ మహాబలునకు నమస్కరింపవలసినదే. ఆయన గురి మనది కాదు. నేడు చాలమంది దినమునకు పదివేల అడుగులు నడువనిదే ఫలము లేదనుకొందురు. ఆ సంఖ్య యెట్లు పుట్టినది? 1965లో జపాను దేశమున ఒక సంస్థ అడుగులు లెక్కించు చిన్న యంత్రమును అమ్మకమునకు పెట్టి, "పదివేల అడుగుల కొలత" అను నర్థము వచ్చునట్లు దానికి పేరు పెట్టినది. ఆ పేరే లోకమంతట ప్రాకినది. అది వైద్యులు పరీక్షించి నిర్ణయించిన హద్దు కాదు. పొలము గట్టువఱకు పోయి రాగలుగుట యొకరికి గురి; బావినుండి బిందె తెచ్చుకొనగలుగుట యొకరికి గురి. ఏదైనను అది మనదై యుండవలెను.

రెండవది, ఇప్పుడెంత? చేతులు లేని కుర్చీని గోడకానించి కూర్చుండి, రెండు చేతులు ఱొమ్ముమీద అడ్డముగా పెట్టుకొని, అరనిమిషములో ఎన్నిమారులు పూర్తిగా లేచి కూర్చుండగలరో చూడుడు. పడిపోకుండ ప్రక్కన ఒకరిని నిలుపుకొనుడు. అరువది మొదలు అరువదినాలుగేండ్ల లోపలి మగవారికి 14 కంటెను, ఆడవారికి 12 కంటెను తక్కువ వచ్చినచో కాళ్ళసత్తువ తగ్గినదని వైద్యుల లెక్క. డెబ్బది మొదలు డెబ్బదినాలుగేండ్ల లోపలివారికి ఆ సంఖ్యలు 12, 10. నాకు మొదట వచ్చినవి ఏడు. సిగ్గుపడితిని, కాని నిజము తెలిసినది. ఱొమ్ములో నొప్పి, కొలది నడకకే ఆయాసము, కన్నులు తిరుగుట ఉన్నవారును, రక్తపు పోటు, మధుమేహము గలవారును వైద్యునితో చెప్పనిదే మొదలుపెట్టరాదు.

మూడవది, ఎంత, ఎప్పటికి? "రేపటినుండి బాగుగా నడచెదను" అనుట గురి కాదు, ఆశ. "ఈ నెలాఖరునకు వారమున ఐదు దినములు, పూటకు పదునైదు నిమిషములు నడచెదను" అనుట గురి. 2020లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించిన సూచనల ప్రకారము పెద్దలకు వారమునకు 150 మొదలు 300 నిమిషముల మధ్యరకపు శ్రమ కావలెను. మాటలాడ వీలై, పాట పాడ వీలుకాని వేగమున నడచినచో అది మధ్యరకము. కండరములకు బలమిచ్చు పని వారమున రెండు దినములైనను, అరువదియైదేండ్లు నిండినవారు తూలిపడకుండ కాపాడు అభ్యాసము మూడు దినములైనను చేయవలెనని చెప్పిరి. ఏమియు చేయకుండుటకంటె కొంచెమైనను మేలని కూడ అందే యున్నది. కావున 150 అను సంఖ్య చూచి బెదరరాదు. అది గమ్యము, తొలిమెట్టు కాదు. నేను పది నిమిషములతో మొదలిడితిని. మన సీమ యెండలకు తెల్లవాఱక ముందే నడక ముగించుట మేలు.

నాలుగవది, లెక్క యెట్లు? నేను పంచాంగములో ప్రతి తిథి ప్రక్కను ఆనాటి నిమిషములు వ్రాసికొంటిని. ప్రతి పున్నమికి కుర్చీపరీక్ష చేసికొంటిని. ఏడు తొమ్మిదైనది; తొమ్మిది పదుమూడైనది. మనసు అబద్ధమాడవచ్చును గాని, పంచాంగపు అంచు అబద్ధమాడదు.

"పొలములో చాకిరి చేయువానికి వ్యాయామమేల?" అని రచ్చకట్టమీద అడుగుదురు. మంచి ప్రశ్నయే. నాగలి పట్టి, నీరు మోసి, కాలినడకన ఆదోని సంతకు పోయిన కాలమున అది నిజము. నేడు దుక్కికి ట్రాక్టరు వచ్చినది, ప్రక్కవీధికి మోటారుసైకిలు వచ్చినది. చాకిరి తగ్గినను తిండి తగ్గలేదు. 1953లో మారిస్ అను వైద్యుడును ఆయన సహచరులును లండను నగరపు బస్సుపనివారినిగూర్చి ఒక పరిశోధన ప్రకటించిరి. దినమంతయు కూర్చుండి బండి నడపువారికంటె, రెండంతస్తుల బస్సు మెట్లు ఎక్కుచు దిగుచు టిక్కెట్లిచ్చు కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా నున్నట్లు తేలినది. కూర్చుండువాడు ఊరివాడైనను పట్టణమువాడైనను దేహమునకు ఒకటే.

"ఈ వయసున బలము వచ్చునా?" అని మఱికొందఱి సందేహము. 1990లో వెలువడిన ఒక పరిశోధన దీనికి జవాబు చెప్పినది. అమెరికాలోని బోస్టన్ నగరమున సగటున తొంబదియేండ్ల వయసున్న పదిమందిచేత ఎనిమిది వారములు కాళ్ళకు బరువుల అభ్యాసము చేయించిరి. తుదివఱకు నిలిచిన తొమ్మండుగురి కాలిబలము సగటున రెండింతలకు మించి పెరిగెను. అది వైద్యుల కనుల యెదుట జరిగినది. మనము ఒంటరిగా బరువులెత్తరాదు. కుర్చీనుండి లేచుటయే మనకు మొదటి బరువు.

ఇక నా సంగతి. దసరాకు దేవరగట్టెక్కవలెనని గడువు పెట్టుకొంటిని. పండుగరాత్రి కర్రల సమరపు గుంపులో ముసలివానికి పనిలేదు గనుక, వారము ముందే పోయితిని. సగము దూరమున కాళ్ళు వణకినవి. అచ్చటనే ఱాతిమీద కూర్చుండి స్వామికి దండము పెట్టి దిగివచ్చితిని. పూర్వమైనచో పౌరుషమునకు పోయి ఎక్కి, మరల మంచము పట్టియుందును. ఈమారు గడువు మార్చితిని, గురి మార్చలేదు. మాఘమాసమున నాలుగుచోట్ల ఆగి, ఎవరి చేయియు పట్టక పైకి చేరితిని.

ఆ రాత్రి నా మనుమరాలి సరసన నేలమీద కూర్చుండి జొన్నరొట్టె తింటిని. తిని, లేచితిని. ఇంటిలో ఎవరును దానిని గమనింపలేదు. నేను కోరినదియు అదియే.

పెద్దలారా, రేపు తెల్లవాఱుజామున నడకకు బయలుదేరుటకు ముందు, ఈ రాత్రి ఒక్క క్షణము కూర్చుండి మిమ్ము మీరే ప్రశ్నించుకొనుడు: నేను మరల ఏ పని చేయగలుగవలెను? జవాబు దొరికిన పిమ్మట చెప్పులు తొడుగుడు. సెలవు.